సస్పెన్షన్ కాలంలో నేనూ, మా గోపన్నా

సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి సగం జీతం ఇస్తారని చాలామందికి తెలుసు. ఆ సగం రావాలంటే నెలనెలా ఒక కాగితం రాసివ్వాలన్న సంగతి అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఈ నెలలో మరే ఉద్యోగమూ వ్యాపారమూ చేయలేదని సంతకం పెట్టి పంపితేనే సబ్సిస్టెన్స్ అలవెన్సు బిల్లు కదులుతుంది. పని చేయనివ్వరు, చేయడం లేదని మళ్లీ మనచేతే రాయించుకుంటారు. ఆర్డరు తీసుకున్న రోజు రాని ఏడుపు నాకు ఆ మొదటి సర్టిఫికెట్ రాసేటప్పుడు వచ్చింది.

నేను ఖమ్మంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ని. శాఖ పేరు చెప్పను, అవసరమూ లేదు. ఇలాంటి క్యాష్ సెక్షన్లు అన్ని శాఖల్లోనూ ఉంటాయి. జనం కట్టే ఫీజులు తీసుకుని రశీదు ఇవ్వడం, సాయంత్రానికి క్యాష్‌బుక్ రాసి మూయడం, చలానా రాసి డబ్బు బ్యాంకులో జమ చేయించడం, నెలాఖరుకి మా అంకెలు ట్రెజరీ అంకెలతో సరిపోయాయో లేదో చూసుకోవడం. ఇదీ నా పని. ఎంత చిన్న అంకె తేడా వచ్చినా రాత్రి నిద్ర పట్టని మనిషిని.

గర్భసంచి ఆపరేషన్ కోసం మెడికల్ లీవ్ పెట్టాను. వెళ్లేముందు క్యాష్ చార్జ్ పక్క సెక్షన్‌లోని సహోద్యోగికి అప్పగించాను. ఏమేం అప్పగించానో రాసిన చార్జ్ లిస్టు రెండు కాపీలు తీసి, ఆయన సంతకం పెట్టించుకుని, ఒకటి ఫైల్లో పెట్టి ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. తిరిగి డ్యూటీలో చేరిన కొన్నాళ్లకు ఆడిట్ వాళ్లు వచ్చారు. ఆఫీసులో ఉన్న కొన్ని చలానాలకు ట్రెజరీలో జమ కనబడలేదు. తీసి చూస్తే వాటి మీద ఉన్న బ్యాంకు ముద్రే దొంగది. అంతా కలిపి నాలుగు లక్షల చిల్లర.

ఆ చలానాల తేదీలన్నీ నేను మంచంమీద ఉన్న వారాలవి. కానీ క్యాష్‌బుక్‌లో వాటి ఎదురుగా నా పొట్టి సంతకం లాంటిది ఉంది. ఫైల్లో ఉండాల్సిన చార్జ్ లిస్టు లేదు. నా దగ్గరున్న కాపీ చూపిస్తే, "నేను ఫైళ్లు మాత్రమే తీసుకున్నాను సార్, క్యాష్‌పెట్టె అన్న లైను తర్వాత ఇరికించారు" అన్నాడు ఆయన. అంతే. కాగితాల మీద క్యాషియర్ని నేను కాబట్టి, విచారణ పూర్తయ్యేదాకా నన్ను పక్కన పెట్టారు.

ఇక్కడినుంచి మా గోపన్న సంగతి చెప్పాలి. గోపన్న అంటే కంచర్ల గోపన్న, మీరంతా రామదాసు అనే ఆయన. మా పుట్టిల్లు నేలకొండపల్లి పక్కనే. ఆయన పుట్టిన ఊరు అది. మా చిన్నప్పుడు ఆయన్ని భక్తుడని కాకుండా, పక్కూరి మనిషి, పెద్ద ఉద్యోగం వచ్చి ఇరుక్కుపోయాడు పాపం, అన్నట్టు మాట్లాడుకునేవారు మా ఇంట్లో. గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో పాల్వంచ పరగణాకి తహసీల్దారు. అంటే ఆయనదీ వసూళ్ల పనే. వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, నగలు చేయించి, ఆ లెక్క చెప్పలేక గోల్కొండ కోటలో ఖైదుపడ్డాడు. పన్నెండేళ్లని చెబుతారు.

సస్పెండయ్యాక మా అత్తయ్య నన్ను కూర్చోబెట్టి, "రోజుకో దాశరథి పద్యం చదువమ్మా, ఆయనకి తెలిసిన బాధే నీది" అంది. నాకు ఒళ్లుమండింది. "అత్తయ్యా, ఆయన నిజంగానే ఖర్చుపెట్టాడు. నేను పెట్టలేదు" అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా పుస్తకం పక్కన పెట్టి వెళ్లిపోయింది. పుస్తకం అలాగే ఉంది చాలా రోజులు.

నమ్మకం గురించి జనం చెప్పే మాటలు ఆపదలో ఉన్నవాళ్లకి ఎలా వినిపిస్తాయో ఒకసారి చెప్పాలనిపిస్తుంది. "దేవుడు చూస్తున్నాడు" అంటారు. చూస్తూ ఊరుకున్నాడనేదే కదా నా బాధ. "అంతా మన మంచికే" అంటారు. అది చెప్పినావిడ కొడుక్కి అదే వారం ఉద్యోగం వచ్చింది. అన్నిటికంటే నన్ను కోసింది పూర్వజన్మ మాట. రామదాసు కథలోనే ఉంది అది: పోయిన జన్మలో ఆయన ఒక చిలకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట, అందుకు ఈ జన్మలో పన్నెండేళ్లు జైలు. మా చిన్నాయన ఇది నాకు ఓదార్పుగా చెప్పాడు. చిలకకీ మనిషికీ, రోజుకీ ఏడాదికీ ఈ మారకం రేటు ఎవరు కట్టారో నాకు అర్థం కాలేదు. చేయని తప్పుకి శిక్ష పడుతోందని మనిషి మొత్తుకుంటుంటే, ఎప్పుడో చేసే ఉంటావులే అనడం కంటే ఆ ఆడిట్ రిపోర్టే నయం. కనీసం అందులో తేదీలున్నాయి.

అంత కోపంలో ఉన్నప్పుడే ఒకరోజు 'ఇక్ష్వాకు కుల తిలక' కీర్తన సరిగ్గా విన్నాను. చిన్నప్పటినుంచీ వింటున్నదే. కానీ క్యాష్ సెక్షన్ చెవులతో వినడం అదే మొదటిసారి. అది పాట కాదండీ, ఖర్చుల పట్టీ. ప్రాకారం కట్టించాను, దానికింత పట్టింది. సీతమ్మకి చింతాకు పతకం, దానికింత. భరతుడికి పచ్చల పతకం, లక్ష్మణుడికి ముత్యాల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, ఒక్కోదానికి ఇంత. జైల్లో కూర్చున్నవాడు దేవుడికి ఐటం వారీగా లెక్క అప్పజెబుతున్నాడు. ఎటొచ్చీ అన్నిటికీ పదివేలే! ఇలాంటి రౌండ్ ఫిగర్లు కనిపిస్తే మేం వెంటనే ఓచర్లు అడుగుతాం. ఆ రోజు ఆ మాట అనుకుని నవ్వాను. చాలా కాలానికి వచ్చిన నవ్వు అది.

లెక్క చెప్పాక ఆయన ఊరుకోడు. ఇవన్నీ మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా, ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు అని కడిగేస్తాడు. వెంటనే, తిట్టానని బాధపడకు, ఈ దెబ్బలకి ఓర్వలేక తిట్టాను అంటాడు. గుళ్లో మైకులో వేసే పాటలో ఇంత కోపం ఉందని మనం గమనించం. దేవుడి న్యాయాన్ని నమ్మడమంటే నోరు మూసుకుని కూర్చోవడమని నాకు ఎవరు నేర్పారో గానీ, గోపన్న మాత్రం అలా నమ్మలేదు. లెక్క చూపించాడు, జవాబు అడిగాడు, ఆలస్యమైతే నిలదీశాడు. వినేవాడు అక్కడ ఉన్నాడన్న నమ్మకం లేకపోతే అంత గట్టిగా ఎవరూ అరవరు.

ఆ సాయంత్రమే ఒక నోటుబుక్ తీసి నా లెక్క రాయడం మొదలుపెట్టాను. దాశరథి పద్యం ఒకటి చదవడం, ఆ తర్వాత గుర్తున్నదంతా తేదీలతో రాయడం. సెలవు దరఖాస్తు ఎవరి చేతికిచ్చాను, ఆ రోజు పెట్టెలో నిల్వ ఎంత, తాళంచెవులు ఎవరి ముందు ఇచ్చాను, ఆస్పత్రిలో చేరిందెప్పుడు, డిశ్చార్జ్ ఎప్పుడు. పూజగదిలోనే కూర్చుని రాసేదాన్ని. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, ఇంటికి రాగానే తొంగిచూసి, "పూజా, ఫైలా?" అనేవారు. రెండూ అనేదాన్ని.

శ్రీరామనవమి వచ్చింది. సస్పెన్షన్ ఆర్డర్లో ఒక వాక్యం ఉంటుంది: ముందస్తు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లరాదు. భద్రాచలంలో కల్యాణం చూడటానికి అనుమతి ఇప్పించవలసిందిగా కోరుతూ నెల ముందే అర్జీ పెట్టుకున్నాను. ఎదురుచూశాను. ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు తీసుకెళ్లడం టీవీలో చూశాను. తానీషా కాలంనుంచీ వస్తున్న ఆనవాయితీ అది. బంధించిన రాజు సర్కారే ఇప్పటికీ తలంబ్రాలు పంపుతోందని కామెంటరీ చెప్పేవాళ్లు అనలేదు గానీ, నాకు అలాగే అనిపించింది. నా అనుమతి నవమి వెళ్లిపోయిన తర్వాతి వారం వచ్చింది. తేదీ మాత్రం నవమికి ముందురోజే వేశారు. డిస్పాచ్ సెక్షన్ మీద నాకు కోపం రాలేదు. మా ఆఫీసులోనూ అలాగే జరుగుతుంది.

అన్నిటికంటే కష్టమైన రోజులు అవి కావు. పై అధికారుల దగ్గర్నుంచి ఒక కబురు వచ్చింది, నోటిమాటగా: "ఆ డబ్బు కట్టేయమనండి. పోలీసుదాకా పోకుండా చూస్తాం. చిన్న శిక్షతో అయిపోతుంది." ఇంట్లో అందరూ దానికి ఒప్పుకున్నారు. మా అన్నయ్య తన ప్లాటు అమ్మి ఇస్తానన్నాడు. అత్తయ్య చేతి గాజులు తీసి గుడ్డలో మూటగట్టి నా ముందు పెట్టింది. మావారు ఏమీ అనలేదు, కానీ బాబు ఇంటర్ రెండో సంవత్సరం, ఇంట్లో పోలీసు అన్న మాట వినబడితే వాడి మొహం ఎలా అయిపోయేదో ఆయనా చూస్తున్నారు.

అప్పుడు కూడా గోపన్న కథే అడ్డుపడింది, అదీ తలకిందులుగా. కథలో రాముడూ లక్ష్మణుడూ రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకుని రాత్రికి రాత్రి తానీషా దగ్గరికి వెళ్లి, ఆరు లక్షల మొహరీలు లెక్కపెట్టి ఇచ్చి, రశీదు రాయించుకుంటారు. ఆ రశీదు తెచ్చి నిద్రపోతున్న గోపన్న పక్కన పెట్టి వెళ్లిపోతారు. అత్తయ్య అంది, "చూడు, దేవుడైనా కట్టే విడిపించాడు. మనం కడితే తప్పేంటి?" చాలాసేపు ఆలోచించాను. గోపన్న తీసుకున్నాడు కాబట్టి ఎవరు కట్టినా అప్పు తీరుతుంది. నేను తీసుకోలేదు. నేను కడితే తీరేది అప్పు కాదు, ఒప్పుకోలు అవుతుంది. "అత్తయ్యా, రాముడు వచ్చి కట్టినా సరే, నా పేరు మీద కట్టొద్దని చెబుతాను" అన్నాను. ఆవిడ గాజులు మళ్లీ వేసుకోవడానికి రెండు రోజులు పట్టింది. పోలీసు కేసు పెడతారేమోనన్న భయం మాత్రం నన్ను వదల్లేదు, ఇంటిముందు ఏ బండి ఆగినా లేచి నిలబడేదాన్ని. చివరికి పెట్టలేదు.

చార్జ్ మెమో, అంటే అభియోగాల కాగితం, వచ్చింది. దాని సంగతి కాస్త చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ నియమాలు, అంటే సీసీఏ రూల్స్ 1991లో రూల్ 20 కింద పెద్ద శిక్షలకు విచారణ జరుగుతుంది. మెమోకి నాలుగు అనుబంధాలుంటాయి: అభియోగాలు, వాటి వివరణ, వాళ్లు ఆధారపడే పత్రాల జాబితా, సాక్షుల జాబితా. మనం రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి. ఆ తర్వాత ఎంక్వయిరీ ఆఫీసర్ని వేస్తారు, శాఖ తరఫున వాదించడానికి ప్రెజెంటింగ్ ఆఫీసర్ ఉంటారు. మామూలుగా లాయర్ని పెట్టుకోనివ్వరు గానీ ఉద్యోగంలో ఉన్నవాళ్లనో రిటైరైనవాళ్లనో ఒకర్ని సహాయంగా తెచ్చుకోవచ్చు. చాలామంది చేసే పని, భయంతో ఆ సమాధానం ఎవరో టైపు చేసిచ్చింది పెట్టేసి ఊరుకోవడం. ఆ నాలుగో అనుబంధం, సాక్షుల జాబితా, దాన్ని బాగా చదవాలి. వాళ్ల సాక్షే మన సాక్షి కావచ్చు.

నాకు ఆ మాట చెప్పింది ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్. వేరే శాఖలో ఎన్నో విచారణలు చూసిన మనిషి. దేవుడంటే పెద్ద పట్టింపు లేదు ఆయనకి. మా ఇంటికొచ్చి, నా నోటుబుక్ మొత్తం అద్దాలు పైకెత్తి దించి చదివి, ఒక్క ప్రశ్న వేశారు. "దొంగ చలానాలు ఎవరు చేశారని అందరూ కొట్టుకుంటున్నారమ్మా. ఆ వారాల్లో మంచి చలానాలు కూడా ఉన్నాయిగా? అవి ఎవరు కట్టారు?"

అంతకుముందు నాకు తట్టనేలేదు. ఎవరికీ తట్టలేదు. అనుమానం రాకుండా ఉండటానికి ఆ వారాల్లో కొంత డబ్బు నిజంగానే బ్యాంకులో జమ చేశారు. అవి సరిపోయాయి కాబట్టి ఆడిట్ వాళ్లు వాటి జోలికే పోలేదు. బ్యాంకు కౌంటర్లో మన చలానాతో పాటు నింపే స్లిప్పు బ్యాంకు దగ్గరే ఉండిపోతుంది. అందులో డబ్బు కట్టినవారి సంతకం, ఫోన్ నెంబరు ఉంటాయి. జాబితాలో లేని పత్రాలు తెప్పించమని అడిగే హక్కు మనకి ఉంది, అవి కేసుకి ఎందుకు అవసరమో రాయాలి. రాశాం. బ్యాంకునుంచి వాటిని తెప్పించడానికి ఎంక్వయిరీ ఆఫీసర్ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడానికీ అవి రావడానికీ మధ్య ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వెళ్లిపోయాయి.

ఆ మధ్యకాలంలోనే బాబుని ఇంజనీరింగ్ కాలేజీలో చేర్చడానికి హైదరాబాద్ వెళ్లాల్సొచ్చింది. దానికి అనుమతి టైముకే వచ్చింది. పని అయ్యాక గోల్కొండ వెళ్లాం. కోటలోపల రామదాసు ఖైదు అని చూపించే గది ఉంది. లోపల వెలుతురు తక్కువ. గోడమీద రాతిలో సీతారామలక్ష్మణులూ ఆంజనేయుడూ, సిందూరం పూసి ఉన్నాయి. గోపన్నే చెక్కాడంటారు. నా వెనకాల ఒక స్కూలు పిల్లల గుంపు గోలగోలగా వచ్చి, సెల్ఫీలు దిగి వెళ్లిపోయింది. నేను ఆ గోడనే చూస్తూ ఉండిపోయాను. బొమ్మల పనితనం గొప్పదేమీ కాదు. చేతికి దొరికిన దానితో, వచ్చినంతలో చెక్కినట్టుంది. నాకైతే అదే నచ్చింది. బాబు, "అమ్మా, ఇన్నేళ్లు ఉన్నాడా ఇందులో? గుడి కట్టినందుకా?" అన్నాడు. "గుడి కట్టినందుకు కాదు నాన్నా, డబ్బు జమ చేయనందుకు" అన్నాను. మావారు పక్కకి తిరిగి నవ్వుకున్నారు.

విచారణ నడిచిన రోజుల్లో ఒకటి బాగా గుర్తుండిపోయింది. శాఖ తరఫు సాక్షుల్లో మా ఆఫీసు అటెండర్ పేరు ఉంది. క్యాష్ సెక్షన్లో రోజూ నేనే ఉంటానని చెప్పించడానికి వేశారు ఆయన్ని. రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ముస్లిం. మేమంతా చాచా అంటాం. అది రంజాన్ నెల. మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. ఎంక్వయిరీ ఆఫీసర్ మంచినీళ్ల గ్లాసు జరిపితే, "రోజా సార్" అని చేత్తో వారించారు. ప్రెజెంటింగ్ ఆఫీసర్ అడిగినవాటికి అన్నిటికీ అవునండీ అన్నారు. నాకు గుండె జారిపోయింది. నాకు సహాయంగా వచ్చిన ఆ రిటైర్డ్ సూపరింటెండెంట్ గారు లేచి ఒకటే అడిగారు: "మేడం సెలవు మీద వెళ్లే ముందురోజు మీరేం పని చేశారు?"

చాచా కాసేపు పైకి చూశారు. "మేడం తాళాలు ఇచ్చిన్రు సార్. ఆ సార్ సీట్ల లేడు, టీకి పోయిండు. నేను తాళాలు చేతిల పట్టుకొని నిలబడ్డ. వచ్చినంక ఆయన చేతికి ఇచ్చిన. ఆయన పెట్టె తెరిచి, డబ్బులు నా ముంగటనే లెక్కపెట్టుకున్నడు. ఒక ఐదువందల నోటు చినిగింది ఉంది, మార్చుకురమ్మన్నడు. మార్చుకొచ్చిన."

చినిగిన నోటు. నాకే గుర్తులేదు అది. నా నోటుబుక్‌లో తేదీలూ నిల్వలూ అన్నీ ఉన్నాయి గానీ ఆ నోటు లేదు. ఎంక్వయిరీ ఆఫీసర్ ఆ మాటలు టైపిస్టుకి మెల్లగా చెప్పి రాయిస్తుంటే కీబోర్డు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు నాకు. బయటికి వచ్చాక, "ఇన్నాళ్లూ ఈ మాట ఎవరికీ ఎందుకు చెప్పలేదు చాచా?" అన్నాను. "ఎవరు అడిగిన్రు మేడం?" అన్నారు ఆయన.

బ్యాంకు స్లిప్పులు ఆ తర్వాత వచ్చాయి. సంతకమూ ఫోన్ నెంబరూ ఆ సహోద్యోగివే. క్యాష్ ముట్టుకోనేలేదన్న మనిషి అన్ని వారాలూ కౌంటర్ దగ్గర నిలబడ్డాడు.

మా అత్తయ్య దీన్ని ఊరంతా చెప్పుకుంది. అచ్చం రశీదు కథే, రాముడు కాగితం తెచ్చి పక్కన పెట్టాడు అని. నేను కాదనలేదు. కానీ నా మనసులో అది అంత సూటిగా లేదు. స్లిప్పుల సంగతి తట్టింది దేవుణ్ని పెద్దగా పట్టించుకోని మనిషికి. నోటు సంగతి చెప్పింది రోజాలో ఉన్న చాచా. ఇందులో రాముడు ఎక్కడున్నాడు అని ఎవరైనా అడిగితే నేను చూపించలేను. గోపన్న కూడా చూపించలేడు. కథలో నాకు ఎప్పుడూ అర్థంకాని చోటు ఇదే: విడిపించడానికి దేవుడు వచ్చిన రాత్రి ఆయన దర్శనం దొరికింది జైల్లో పెట్టిన తానీషాకి. పన్నెండేళ్లు పిలిచినవాడు నిద్రపోతున్నాడు. లేచేసరికి పక్కన కాగితం మాత్రం ఉంది. తానీషాకి దొరికిన భాగ్యం నాకు దొరకలేదే అని గోపన్న ఏడ్చాడని కథ చెబుతుంది. సస్పెన్షన్‌కి ముందు నాకు అది విడ్డూరంగా ఉండేది. విడుదలైనవాడు సంతోషించక ఎందుకు ఏడవాలి అనుకునేదాన్ని.

అభియోగాలు రుజువు కాలేదని రిపోర్టు వచ్చింది. దానిమీద తుది ఉత్తర్వు రావడానికి మళ్లీ చాలా నెలలు పట్టింది. మళ్లీ పోస్టింగ్ ఇచ్చారు, సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా పరిగణిస్తూ ఫండమెంటల్ రూల్స్‌లోని ఎఫ్ఆర్ 54-బి కింద ఆర్డర్లు ఇచ్చారు. మిగిలిన సగం జీతం వచ్చింది. అత్తయ్యని తీసుకుని భద్రాచలం వెళ్లాను, నవమి రద్దీ లేని రోజు చూసుకుని. అక్కడి మూలవిరాట్టు చేతుల్లో శంఖచక్రాలుంటాయి, సీతమ్మ ఎడమ తొడమీద కూర్చుని ఉంటుంది. నాకు దణ్ణం పెట్టుకోవడానికి మాటలు రాలేదు. అలవాటుకొద్దీ లెక్కే చెప్పాను: జీతం వచ్చింది, పేరు వచ్చింది, ప్రమోషన్ రాలేదు, మా నాన్న ఉత్తర్వు చూడకుండానే పోయారు.

ఆ చివరిదానికి జవాబు ఏ రూల్లోనూ లేదు.

ఇప్పుడు ఆ సహోద్యోగి మీద విచారణ నడుస్తోంది. ఒక సాయంత్రం ఆయన భార్య కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చింది. అమ్మాయి తొమ్మిదో పదో చదువుతుంటుంది. ఆమె గుమ్మంలోనే నిలబడి, "అక్కా, మీరు సాక్ష్యంలో ఆయన్ని కాస్త చూసి చెప్పండి" అంది. లోపలికి రమ్మన్నాను, టీ పెట్టాను. ఆ రెండేళ్లలో రాత్రిపూట ఆ మనిషి పాడైపోవాలని నేను రాముడికి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నానో లెక్కలేదు. ఆ మొరలో ఈ అమ్మాయి ఫీజు, ఈమె మెడలో పసుపుతాడు మాత్రమే మిగలడం కూడా ఉన్నాయని అప్పుడు తెలియదు. అలాగని జాలి పొంగిపోయిందని చెప్పను. అబద్ధం చెప్పనని చెప్పాను. "అడిగినదానికి జవాబు చెబుతానమ్మా. అడగనిది నేనుగా కల్పించి చెప్పను" అన్నాను. ఆమె టీ తాగకుండానే వెళ్లిపోయింది. అమ్మాయి తాగింది.

గోల్కొండ సంగతి ఒకటి ఈ సందర్భంలో నాకు తరచూ గుర్తొస్తుంటుంది. తానీషాని కూడా చివరికి ఖైదు చేశారు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పట్టుకుని, ఆయన్ని దౌలతాబాద్ కోటకు పంపాడు. అక్కడే, బందీగానే ఏళ్లతరబడి ఉండి చనిపోయాడు. న్యాయం జరిగిందని చంకలు గుద్దుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ గోపన్నను బాధపెట్టినందుకే గోల్కొండ పడిపోయిందని మా వైపు ఎవరూ చెప్పగా నేను వినలేదు. తానీషా అంటే దర్శనం దొరికిన పుణ్యాత్ముడు అనే చెబుతారు ముసలివాళ్లు. నేలకొండపల్లిలో పుట్టి పెరిగినవాళ్లు కూడా అంతే. నాకు ఇంకా అంత మనసు రాలేదు.

పోయిన నెల విచారణలో నన్ను సాక్షిగా పిలిచారు. చార్జ్ లిస్టు గురించి అడిగారు, చెప్పాను. తాళాలు ఎవరికిచ్చారు అంటే చాచాకిచ్చానన్నాను. ఆ సహోద్యోగి వ్యక్తిగా ఎలాంటివాడు అని ప్రెజెంటింగ్ ఆఫీసర్ అడిగారు. అది అభియోగంలో లేదు కదండీ అన్నాను. ఆ సహోద్యోగి తల ఎత్తి ఒకసారి చూశాడు, నేను నా కాగితాలు సర్దుకున్నాను.

నా ప్రమోషన్ విషయం అప్పీలులో ఉంది. నాకంటే జూనియర్ సూపరింటెండెంట్ అయ్యాడు. ఆయన తేదీనుంచి నాకూ ఇవ్వాలని అడిగాను. ఇంక్రిమెంట్ల అరియర్స్ బిల్లు మాత్రం ట్రెజరీనుంచి అబ్జెక్షన్‌తో తిరిగొచ్చింది. సర్వీసు రిజిస్టర్లో ఒక ఎంట్రీకి అటెస్టేషన్ లేదట. నిన్న సంతకం చేయించి మళ్లీ పంపాను, కొరియర్ రశీదు నోటుబుక్‌లో అంటించాను.